సీఏ-125 రిపోర్టుతో నా అనుభవం

సీఏ-125 అంటే అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేసే ఒక రక్త పరీక్ష. మొదటిసారి చేయించినప్పుడు నా విలువ 186 వచ్చింది. పక్క గడిలో 35 లోపు ఉండాలని ఉంది. రిపోర్టు చేతికొచ్చింది సాయంత్రం, డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ మర్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఉండాల్సిన దానికి ఐదు రెట్లు ఉందంటే జబ్బు కూడా అంత ముదిరినట్టేనని మా ఆయన లెక్క. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. ఇంటర్నెట్‌లో వెతికితే వేలల్లో విలువలు వచ్చినవాళ్ల కథలూ, ఏ జబ్బూ లేకుండానే వందలు దాటినవాళ్ల కథలూ కలగలిసి కనబడ్డాయి. చదివిన కొద్దీ టెన్షన్ పెరిగిందే గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

అసలు ఈ పరీక్ష దాకా ఎలా వచ్చానంటే, కొన్నాళ్లుగా పొట్ట ఉబ్బరం. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. గ్యాస్ మాత్రలతో తగ్గకపోతే అల్ట్రాసౌండ్ తీశారు. ఎడమ అండాశయంలో గడ్డ ఉంది, దాని లోపల గదులు గదులుగా ఉంది, గట్టి భాగం కూడా కనబడుతోంది, పొట్టలో కాస్త నీరు చేరింది అని రాశారు. దాంతో క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి పంపారు. ఆవిడ రాసిచ్చిన రక్త పరీక్షల్లో ఇదొకటి.

మర్నాడు ఆవిడ రిపోర్టు చూసి, "అమ్మా, ఈ 186 ఒక్కటే చూసి నేనేమీ చెప్పలేను" అన్నారు. తర్వాత ఆ కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో లెక్క వేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. 3 × 3 × 186 = 1674. మొదటి 3 అల్ట్రాసౌండ్‌కి. గడ్డలో గదులుండటం, గట్టి భాగం ఉండటం, రెండు వైపులా ఉండటం, పొట్టలో నీరు, వేరే చోటికి పాకిన గుర్తులు, ఈ ఐదింటిలో ఒకటే ఉంటే 1, రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 3, ఏదీ లేకపోతే సున్నా. నాకు మూడున్నాయి. రెండో 3 నెలసరి ఆగిపోయినందుకు. ఇంకా వస్తున్నవాళ్లకైతే అక్కడ 1 వేస్తారు. ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది 200 దాటితే అనుమానం బలంగా ఉన్నట్టు. బ్రిటన్ వైద్యులు 1990లో ప్రతిపాదించిన పద్ధతి ఇది.

అక్కడితో ఆగకుండా ఆ కింద ఇంకో లెక్క కూడా వేశారు. "ఇదే 186 నెలసరి వస్తున్న అమ్మాయికి వచ్చిందనుకోండి. స్కానింగ్‌లో ఒక్క లక్షణమే ఉందనుకోండి. 1 × 1 × 186. అంటే 200 లోపే." ఆ రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి చూశాకగానీ నాకు విషయం తలకెక్కలేదు. రక్తంలో ఉన్నది అదే 186. ఎవరి ఒంట్లో, ఏ స్కానింగ్ పక్కన అన్నదాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది.

మరి ఈ 35 ఎక్కడ నుంచి వచ్చింది? ఇది నేను తర్వాత తీరిగ్గా చదువుకున్నాను. అమెరికాలో రాబర్ట్ బాస్ట్, ఆయన బృందం 1981లో అండాశయ క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే ఒక యాంటీబాడీ, అంటే ఫలానా పదార్థాన్నే వెతికి పట్టుకునే ప్రొటీన్ గురించి ప్రచురించారు. దాని సాయంతో రక్తంలో అది పట్టుకునే సీఏ-125 అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష గురించి 1983లో రాశారు. ఆరోగ్యంగా ఉన్న 888 మందికి చేస్తే ఒక్క శాతం మందికే 35 దాటింది. అండాశయ క్యాన్సర్ ఉందని ఆపరేషన్‌లో తేలిన 101 మందిలో 83 మందికి దాటింది. గీత అలా గీశారు. గీతకు పైన ఆరోగ్యవంతులూ ఉన్నారు, కింద క్యాన్సర్ ఉన్నవాళ్లూ ఉన్నారు. పైగా మొదటి దశలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికే ఇది పెరుగుతుంది. కాబట్టి ఎక్కువొస్తే హడలిపోవడం ఎంత తొందరపాటో, నార్మల్ రాగానే ఏమీ లేదని చేతులు దులుపుకోవడమూ అంతే.

సీఏ-125 అనేది నిజానికి క్యాన్సర్ పుట్టించే పదార్థం కాదు. ఎంయూసీ16 అనే పెద్ద ప్రొటీన్‌లో భాగం. పొట్ట లోపల అవయవాలను కప్పి ఉంచే పొర, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర, గుండె చుట్టూ ఉండే పొర, గర్భాశయం లోపలి పొర, వీటన్నిటికీ దాన్ని తయారుచేసే గుణం ఉంది. ఈ పొరల్లో ఏది రేగినా రక్తంలో సీఏ-125 పెరగొచ్చు. నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లో, గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలైన ఫైబ్రాయిడ్లలో, లివర్ సిరోసిస్‌లో, గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరినప్పుడు పెరుగుతుంది. గర్భాశయమే లేని మగవాళ్లకీ సిరోసిస్‌లో పెరుగుతుందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. పొట్టలో టీబీ వచ్చిన వాళ్లకైతే నీరు చేరి, విలువ వందల్లోకి పోయి, స్కానింగ్‌లో కూడా అచ్చం క్యాన్సర్‌లాగే కనబడే సందర్భాలుంటాయని డాక్టర్ గారు చెప్పారు. అందుకే ముక్క తీసి బయాప్సీలో చూసేదాకా క్యాన్సర్ అన్న మాట కాగితం మీద రాయరు. నా విషయంలో ఆపరేషన్ చేసి, తీసిన గడ్డను పరీక్షకు పంపాకే అది క్యాన్సరని, మూడో దశని తేలింది. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను, అది వేరే కథ.

ఆపరేషన్ అయ్యాక, మొదటి కీమోకి ముందు మళ్లీ రక్తం తీశారు. 121. గడ్డ మొత్తం తీసేశామన్నారు కదా, మరి ఈ 121 ఏమిటని గుండె జారింది. డాక్టర్ గారు తేలిగ్గానే తీసుకున్నారు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కే లోపలి పొర రేగుతుంది, కొన్ని వారాల పాటు సీఏ-125 అటూ ఇటుగా ఉంటుంది, ఇప్పుడొచ్చింది కేవలం లెక్క మొదలుపెట్టడానికి అన్నారు. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులతో మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు. ప్రతి కీమోకి ముందు ఈ పరీక్ష. విలువలు ఇలా దిగాయి: 121, 58, 27, 15, 11, 9. చివర్లో 8.

27 వచ్చిన రోజు ఇంట్లో అందరూ గండం గడిచిందన్నట్టు మాట్లాడారు. 35 లోపలికి వచ్చేశాం కదా మరి! డాక్టర్ గారు మాత్రం ఆ గీత వైపు చూడనే లేదు. 121 నుంచి 58కి, 58 నుంచి 27కి, ప్రతిసారీ సగం కంటే కిందికి పడుతోంది, అది బాగుంది అన్నారు. ఆవిడకి కావాల్సింది ఎంత వేగంగా దిగుతోందన్నది. కెలిమ్ అని ఒక లెక్క ఉందట. కీమో మొదలైన మొదటి 100 రోజుల్లో కనీసం మూడు విలువలు తీసుకుని, మందుకు జబ్బు ఎంత లొంగుతోందో దాంతో అంచనా వేస్తారు. కంప్యూటర్‌లో అంకెలు వేసి నాకూ చూపించారు. అందులో గణితం నాకు పట్టుబడలేదు గానీ, విడివిడి విలువ కన్నా వాటి వరసకే పని ఎక్కువన్నది అక్కడ స్థిరపడింది. తర్వాత నుంచి నేను కొత్త రిపోర్టు వస్తే పాతవాటి పక్కన పెట్టకుండా చూడటం మానేశాను.

కీమో అయ్యాక రాలిన జుట్టు మళ్లీ మొలవడం మొదలైంది. ఎవరో చెబితే జుట్టు మాత్రలు తెచ్చుకున్నాను. ఒకరోజు రక్తం తీస్తున్న అమ్మాయి, "ఆంటీ, బయోటిన్ ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది. జుట్టు మాత్రల్లో ఉండే విటమిన్ అది. వాడుతున్నానంటే సూది పక్కన పెట్టేసింది. డబ్బా మీద 10,000 మైక్రోగ్రాములని ఉంది. పెద్దవాళ్లకి రోజుకి చాలినంత అంటే 30 మైక్రోగ్రాములే. ఆ ల్యాబ్ మెషిన్‌లో పరీక్ష జరిగే తీరు ఆ అమ్మాయే చెప్పింది. రక్తంలోని సీఏ-125ని రెండు యాంటీబాడీలు రెండు వైపులా పట్టుకుంటాయి. ఒకదానికి బయోటిన్ తగిలించి ఉంటుంది, దాని ఆధారంగా అది చిన్న అయస్కాంత పూసలకు అతుక్కుంటుంది. రెండోదానికి వెలుగునిచ్చే పదార్థం ఉంటుంది. పూసలను అయస్కాంతంతో ఒకచోటికి లాగి, మిగతాదంతా కడిగేసి, ఎంత వెలుగు వచ్చిందో కొలుస్తారు. మన రక్తంలోనే బోలెడంత బయోటిన్ తిరుగుతుంటే పూసల మీద చోటంతా అదే ఆక్రమించేస్తుంది. అసలు పట్టుకోవాల్సింది కడుగుడులో కొట్టుకుపోతుంది. వెలుగు తగ్గుతుంది, విలువ ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. పెరుగుతున్న జబ్బును పరీక్ష దాచేస్తుందన్నమాట. అన్ని కంపెనీల మెషిన్లలో ఈ ఇబ్బంది ఉండదు. కానీ మన శాంపిల్ ఏ మెషిన్‌లోకి వెళ్తుందో మనకేం తెలుసు? బయోటిన్ వల్ల ల్యాబ్ పరీక్షలు తప్పుగా వస్తాయని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. జుట్టు మాత్ర కూడా ఒక మాత్రేనని, ల్యాబ్‌లో చెప్పాల్సిన విషయమని చాలామందికి తోచదు. వాడేవాళ్లు ముందే చెబితే ఎన్ని గంటలు ఆపి రావాలో వాళ్లే చెబుతారు. ఆ డబ్బాతో నేను మాత్రం పూర్తిగా తెగతెంపులు చేసుకున్నాను. జుట్టు దానంతటదే వచ్చింది, ఇదివరకు లేని ఉంగరాలతో సహా.

ఇక మా చెల్లి సంగతి. నా జబ్బు బయటపడ్డాక తనకీ భయం పట్టుకుంది, సహజమే. నాతో చెప్పకుండా ఒక హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకుంది. అందులో సీఏ-125 లాంటి ట్యూమర్ మార్కర్లు కూడా కలిపి ఇస్తున్నారు. తనకి సీఏ-125 విలువ 52 వచ్చింది. ఫోన్ చేసి, "అక్కా, నీకు మొదట 186, నాకు ఇప్పుడు 52. నాకు ఇప్పుడిప్పుడే మొదలవుతోందేమో" అంది. గొంతు వణుకుతోంది. నాకు ఏమనాలో తోచలేదు. మా డాక్టర్ గారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, రక్తం ఇచ్చినప్పుడు నెలసరిలో ఉన్నావా అని. ఉంది. పైగా చెల్లికి ఎప్పట్నుంచో ఫైబ్రాయిడ్లున్నాయి. నెలసరి అయిపోయాక కొన్నాళ్లాగి మళ్లీ చేస్తే 24 వచ్చింది. స్కానింగ్‌లో పాత ఫైబ్రాయిడ్లు తప్ప ఏమీ లేవు.

"మరి ఏటేటా చేయించుకోనా?" అని చెల్లి అడిగితే వద్దన్నారు. ఎందుకు వద్దో కూడా చెప్పారు. బ్రిటన్‌లో నెలసరి ఆగిన 50 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లను రెండు లక్షల మందికి పైగా తీసుకుని ఏళ్ల తరబడి పరిశీలించారు. కొందరికి ఏటా సీఏ-125 చేసి అవసరమైతే స్కానింగ్, కొందరికి నేరుగా స్కానింగ్, మిగతావాళ్లకి ఏమీ లేదు. 2021లో తుది ఫలితాలు వచ్చాయి. రక్త పరీక్ష చేసిన గుంపులో తొలి దశలో దొరికిన కేసులు పెరిగాయి గానీ, ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య తగ్గలేదు. లక్షణాలేవీ లేనివాళ్లకు ఈ పరీక్ష చేసి ఒరిగేది లేదని అప్పట్నుంచి ఇంకా గట్టిగా చెబుతున్నారు. చెల్లికి పనికొచ్చేది నా రక్తంలోనే ఉందన్నారు. అంటే వంశపారంపర్యంగా ఈ క్యాన్సర్ ముప్పు పెంచే లోపాల కోసం చేసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష ముందు జబ్బు వచ్చిన నాకు చేయాలి, నాలో లోపం కనబడితే అప్పుడు తనకి. నాకు చేస్తే లోపమేదీ కనబడలేదు. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ మాటలేవీ చెప్పరు. 52 చూసి మనిషి ఎంత నలిగిపోతుందో వాళ్లకి లెక్క లేదు. నాకు ఈ విషయంలో ఇప్పటికీ కోపమే.

ట్రీట్‌మెంట్ అయిపోయాక మూడు నెలలకోసారి రమ్మన్నారు. 8, 9, 9, 11 అలా వస్తున్నాయి. ఒకసారి వేరే ఊళ్లో ఉండాల్సి వచ్చి అక్కడి ల్యాబ్‌లో ఇచ్చాను. 27 వచ్చింది. 35 లోపే కాబట్టి రిపోర్టులో ఎర్ర అక్షరాలు లేవు, పక్కన బాణం గుర్తు లేదు. ఇంకెవరైనా చూస్తే నార్మల్ అనేస్తారు. వరస చూసే అలవాటున్న నాకు మాత్రం 11 పక్కన 27 ముల్లులా గుచ్చుకుంది. తిరిగి వచ్చి మా ల్యాబ్‌లో ఇస్తే 12. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. పేరు, వయసు, సీరమ్, యూనిట్లు అన్నీ ఒకటే. 'పద్ధతి' అన్న చోట మాత్రం వేర్వేరు పేర్లున్నాయి. అట్టడుగున చిన్న అక్షరాల్లో, వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన విలువలను పోల్చి చూడరాదని రెండింటిలోనూ రాసి ఉంది. ఒక్కో కంపెనీ వాడే యాంటీబాడీ ఒక్కో తీరుగా పట్టుకుంటుంది. రెండు దుకాణాల త్రాసుల్లో తూచి సరుకు తగ్గిందనో పెరిగిందనో గొడవపడటం లాంటిదే అది. ఆ మెషిన్‌లో కూడా వరసగా చేయించుకుంటూ ఉంటే దాని వరస దానికి ఉండేది.

ఆ మధ్యలో, అంటే 27కీ 12కీ నడుమ, నేను పడ్డ అవస్థ చూసి డాక్టర్ గారు ఒక ప్రశ్న అడిగారు. "అసలు మీకు ఈ పరీక్ష కావాలా?" నేను తెల్లబోయాను. వద్దనే వీలు కూడా ఉంటుందని నాకు తెలీదు. బ్రిటన్, యూరప్ దేశాల్లో చేసిన ఒక అధ్యయనం గురించి చెప్పారు, 2010లో వెలువడింది. నాలాగే ట్రీట్‌మెంట్ పూర్తయి, సీఏ-125 మామూలు స్థాయికి దిగినవాళ్లకు మూడు నెలలకోసారి రక్తం తీశారు. ఫలితం మాత్రం వాళ్లకీ చెప్పలేదు, వాళ్ల డాక్టర్లకీ చెప్పలేదు. విలువ పరిమితికి రెండింతలు దాటిన 529 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే చెప్పి కీమో మొదలుపెట్టారు. రెండో గుంపుకి లక్షణాలు కనబడ్డాకే మొదలుపెట్టారు. మొదటి గుంపుకి దాదాపు ఐదు నెలలు ముందుగా కీమో పడింది. బతికిన కాలంలో మాత్రం తేడా లేదు. ముందుగా మొదలుపెట్టినవాళ్లకి కీమో బాధ ముందుగా వచ్చింది, అంతే.

ఇది విన్నాక రెండు రోజులు మనసు మనసులో లేదు. ఎంత ముందుగా పట్టుకుంటే అంత లాభమని చిన్నప్పట్నుంచి వింటున్నాం కదా. అయితే డాక్టర్ గారు రెండో వైపు కూడా చెప్పారు. ఆ అధ్యయనంలో చేరినవాళ్లకి ఇప్పుడున్న కొత్త మందులు లేవు. జబ్బు మళ్లీ వచ్చినప్పుడు, తగినవాళ్లను ఎంచి రెండోసారి ఆపరేషన్ చేస్తే మేలుంటుందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అందుకని చాలామంది డాక్టర్లు ఇప్పటికీ చేయిస్తూనే ఉన్నారు. చేయించుకోకపోవడం కూడా తప్పేమీ కాదు, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. అలా నా చేతిలో పెట్టినందుకు మొదట విసుగొచ్చింది. డాక్టర్ మీరు, చెప్పాల్సింది మీరు కదా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ అంకె కోసం ప్రతి మూడు నెలలకీ నిద్ర పోగొట్టుకునేది నేనే కాబట్టి అడగాల్సింది నన్నేననిపించింది.

నేను చేయించుకోవడానికే మొగ్గాను. తెలియకుండా ఉండటం నా స్వభావానికి పడదు. మా వార్డులో పరిచయమైన ఒకావిడ వద్దనుకుంది. పొట్ట ఉబ్బరం, ఆకలి తగ్గడం లాంటివి వస్తే వెంటనే వస్తానని చెప్పి హాయిగా ఉంది. ఇద్దరం అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం, ఎవరి నిర్ణయం మీద ఎవరికీ పేచీ లేదు.

నా షరతులు మాత్రం కొన్ని పెట్టుకున్నాను. ఒకే ల్యాబ్. రిపోర్టు ఫోన్‌కి పంపొద్దని రాసిచ్చాను, అది నేరుగా డాక్టర్ గారికే వెళ్తుంది. రక్తం అపాయింట్‌మెంట్‌కి ముందు రోజే ఇస్తాను, మధ్యలో ఎక్కువ రోజులు కాచుకునే పని లేకుండా. ఒకసారి పెరిగినంత మాత్రాన ఏదీ మొదలుపెట్టరని, పరిమితికి రెండింతలు, అంటే 70 దాటడం, కనీసం వారం ఎడంతో రెండోసారి కూడా దాటడం చూస్తారని అడిగి తెలుసుకున్నాను. అంతకంటే తక్కువలోనే మెల్లగా ఎక్కుతూ పోతే స్కానింగ్ తీసి చూస్తారు. పోయినసారి 11 వచ్చింది. డాక్టర్ గారు దాని కంటే పొట్ట నొక్కి చూడటానికే ఎక్కువ సమయం తీసుకున్నారు. రెండేళ్లు నిండుతున్నాయి కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు పరీక్షల మధ్య ఎడం పెంచుతారేమో అడగాలి.